నీళ్లు ఎవరి పేరు మీద ఉన్నాయి?
నిర్మల్ ప్రాంత ఆదివాసీల నీటి హక్కు – ఒక చరిత్ర

మా గోండి భాషలో నీటిని 'యేర్' అంటాం. తెలుగులో ఏరు అంటే పారే వాగు. మాట ఒక్కటే, కానీ ఈ రెండు భాషల మధ్య కాగితం అనే మూడో భాష ఒకటి వచ్చి కూర్చుంది. అది పహాణీ భాష. మన భూమి ఎంత, శిస్తు ఎంత, పట్టాదారు ఎవరు, నీటి ఆధారం ఏమిటి అన్నది ఆ భాషలోనే రాసి ఉంటుంది. పాత పహాణీలో జలాధారం అని ఒక గడి ఉండేది. చెరువు, కుంట, వాగు, బావి – ఏదుంటే అది అందులో రాసేవారు. భూమి గురించి మనవాళ్లు ఎంతో పోరాడారు, పాటలు కట్టారు. ఆ చిన్న గడి గురించి మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోలేదు. ఈ వ్యాసంలో మేము ఆ గడి చరిత్ర చెప్పదలచుకున్నాం. అది ఎలా పుట్టింది, ఒకరి నుంచి మరొకరికి ఎలా మారుతుంది, మారకపోతే ఏం నష్టం అన్నదే ఇక్కడ విషయం.

కాగితానికి ముందు

గోండులు, కోలాములు, నాయకపోడులు, పర్ధానులు, తోటీలు గూడెం కట్టుకునేటప్పుడు మొదట చూసేది నీళ్లే. వాగు ఒడ్డున ఇసుకలో చెలిమె తీస్తే ఎండాకాలంలో కూడా నీరు ఊరుతుందా అని చూసేవారు. ఊరితేనే అక్కడ ఊరి దేవతను నిలిపేవారు. చెలిమె ఒకరు తోడినా నీళ్లు గూడెం మొత్తానివి. ఏ వాగులో ఎవరు చేపలు పట్టాలి, ఏ మడుగును ముట్టకూడదు, పశువులు ఎక్కడ నీళ్లు తాగాలి అన్నది పట్లా, దేవారి, పెద్దమనుషులు కూర్చొని తేల్చేవారు. వాళ్లు తేల్చినదే చట్టం.

ఈ సంబంధం ఎంత లోతైనదో తెలియాలంటే నాగోబా జాతరను చూడాలి. ప్రతి ఏటా పుష్య మాసంలో మెస్రం వంశం వారు కాలినడకన వెళ్లి, జన్నారం మండలం కలమడుగు దగ్గర గోదావరిలోని హస్తినమడుగు నుంచి గంగాజలం తెస్తారు. ఆ నీటితోనే కేస్లాపూర్‌లో నాగోబాకు అభిషేకం జరుగుతుంది. ఆ మడుగు మీద మెస్రం వారికి పట్టా లేదు. అయినా తరతరాలుగా ఆ నీటిని తేవడం వారి హక్కు, వారి బాధ్యత కూడా. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనుమడికి ఆ హక్కు నడకతోనే బదిలీ అవుతుంది. ఏ కచేరీలోనూ పేరు మార్పించుకోవలసిన పని లేదు.

సర్కారు నీళ్లు

నిజాం పాలనలో ఈ లెక్క మారింది. 1317 ఫసలీలో, అంటే 1907–08 ప్రాంతంలో, హైదరాబాద్ రాజ్యానికి భూమి శిస్తు చట్టం వచ్చింది. దాని 24వ సెక్షన్ ప్రకారం దారులు, నదులు, వాగులు, చెరువులు, కుంటలు, పారే నీళ్లు, ఎవరి సొంతమని రుజువు కానివన్నీ సర్కారువే. ఈ ఒక్క మాటతో మన వాగులన్నీ సర్కారు ఖాతాలోకి పోయాయి. తరువాత 1357 ఫసలీలో, అంటే 1948 నాటికి, నీటిపారుదలకు వేరే చట్టం కూడా వచ్చింది.

అయితే ఈ పద్ధతిలో రైతుకు అసలు హక్కే లేదని అనుకోకూడదు. భూమిని ఖుష్కీ, తరి అని రెండుగా విడగొట్టారు. ఖుష్కీ అంటే వానకు పండే మెట్ట. తరి అంటే చెరువు కింద, కాలువ కింద పండే మాగాణి. ఆబి, తాబి అని రెండు పంటలు. తరికి శిస్తు ఎక్కువ. ఎక్కువ శిస్తు తీసుకున్నందుకు సర్కారు ఆ పొలానికి నీళ్లు ఇవ్వాలి. చెరువు సర్కారుది, దాని నీళ్లు వాడుకునే హక్కు ఆయకట్టు పట్టాదారుది. ఈ హక్కు మనిషికి విడిగా ఉండదు, పొలాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. పొలం ఎవరి పేరు మీదికి పోతే నీళ్లు కూడా వారి వెంటే పోతాయి. మన చరిత్రలో నీటి హక్కు బదిలీ అంటే ఇదే. నీటిని విడిగా అమ్మడం, కొనడం మన దగ్గర లేదు.

ఈ పద్ధతి మొదట ఎవరికి ఉపయోగపడిందో నిర్మల్ ప్రాంతమే చెబుతుంది. నిర్మల్ పట్టణం చుట్టూ గొలుసుకట్టు చెరువులు ఉన్నాయి. ఒక చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువులోకి పోయేవి. 1891–92లో ఖానాపూర్ ప్రాంతంలో గోదావరికి అడ్డంగా సదర్మాట్ ఆనకట్ట కట్టారు. ఆట్లీ అనే ఇంజనీరు దానిని కట్టించాడు. దాని కింద సుమారు 13 వేల ఎకరాల ఆయకట్టు ఉంది. 2018లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దానిని వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఇవన్నీ గొప్ప కట్టడాలే. కానీ తరి పట్టాలు ఉన్నవాళ్లకే వాటి నీళ్లు. కొండ మీది గూడేలకు అప్పటికి ఖుష్కీ పట్టా కూడా లేదు. అడవి హద్దు గీతలు గీసినప్పుడు మన చేలు, మన వాగులు ఆ గీత లోపల పడ్డాయి. పట్టా లేనివాడికి నీటి గడే లేదు.

పోరాటం, ఆ తరువాత పట్టాలు

జల్, జంగల్, జమీన్ అనే మూడు మాటల్లో మొదటిది జల్. కొమురం భీము పోరాటాన్ని మన పిల్లలకు చెప్పేటప్పుడు భూమి గురించి, అడవి గురించి చెప్పి ఆగిపోతుంటాం. నీళ్లు మొదట ఎందుకు వచ్చాయో కూడా చెప్పాలి. చేను, చెలిమె, పశువుల మడుగు విడివిడిగా ఉండవు. చేను లాక్కుంటే చెలిమె కూడా పోయినట్టే.

1940లో జోడేఘాట్‌లో భీము అమరుడయ్యాక నిజాం సర్కారు ఈ ప్రాంతాన్ని అర్థం చేసుకోవడానికి మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన సిఫారసులతో 1940లలో ఆదిలాబాద్ జిల్లాలో 11 వేలకు పైగా ఆదివాసీ కుటుంబాలకు సుమారు 1 లక్షా 60 వేల ఎకరాలకు పట్టాలు వచ్చాయి. 1356 ఫసలీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ కూడా వచ్చింది. పంచాయతీలకు, పెద్దమనుషుల మాటకు దానిలో కొంత గుర్తింపు దొరికింది.

ఇది మన చరిత్రలో చాలా పెద్ద గెలుపు. దానిలోనే రెండు లోపాలు కూడా ఉన్నాయి. మొదటిది, పట్టా ఇంటి పెద్ద అయిన మగవాడి పేరు మీద వచ్చింది. ఆడవాళ్ల పేర్లు కాగితం మీదికి రాలేదు. రెండోది, పట్టా చేనుకు వచ్చింది కానీ చెలిమె, మడుగు, వాగు సర్కారు ఖాతాలోనే ఉండిపోయాయి. వాటి మీద గూడెం హక్కును ఏ కాగితమూ అప్పుడు గుర్తించలేదు.

కొండ నీళ్లు, మైదానం ఆయకట్టు

కడెం నది బోథ్ వైపు కొండల్లో పుట్టి, కుంతాల దగ్గర జలపాతమై దూకి, అడవుల మీదుగా వచ్చి గోదావరిలో కలుస్తుంది. 1949లో ఆ నది మీద కడెం ప్రాజెక్టు పని మొదలైంది. 1958 వరదకు కట్ట తెగిపోయింది. మళ్లీ కట్టి, గేట్ల సంఖ్య 18కి పెంచి, 1965లో పూర్తి చేశారు. దాని కింద సుమారు 68 వేల ఎకరాల ఆయకట్టు. కాలువలు కడెం నుంచి జన్నారం, దండేపల్లి, లక్సెట్టిపేట వైపు పోతాయి. 2022 జూలైలో గేట్లు మోయలేనంత వరద వచ్చినప్పుడు రాష్ట్రమంతా ఆ కట్ట వైపే చూసింది.

ఈ ప్రాజెక్టు వల్ల లాభపడిన ఆదివాసీ కుటుంబాలు లేకపోలేదు. కానీ మొత్తం మీద చూస్తే నీరు పుట్టేది మన కొండల్లో, ఆయకట్టు ఉన్నది మైదానంలో. ఆయకట్టు కిందికి వచ్చిన పొలానికి విలువ పెరుగుతుంది. విలువ పెరిగిన భూమి మీద బయటివాళ్ల కన్ను పడుతుంది. రోడ్లు, కాలువలు వచ్చిన ఊళ్లలోనే ఆదివాసీ భూములు ఎక్కువగా చేతులు మారడం వెనుక ఉన్న కారణం ఇదే. కొనేవాడు మట్టిని మాత్రమే కొనడు, దానికి అందే నీళ్లను కూడా కొంటాడు.

1/70 నీళ్లను కూడా కాపాడుతుంది

ఆంధ్ర ప్రాంతంలో ఉన్న 1959 నాటి 1వ నంబరు భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణ ఏజెన్సీకి విస్తరించారు. 1970లో దానిని గట్టి పరిచారు. మనం 1/70 అని పిలుచుకునేది దానినే. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనుడికి తప్ప వేరెవరికీ బదిలీ కాకూడదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి కూడా గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం మొదట భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత అతనిదే.

'బదిలీ' అన్న మాటకు ఆ చట్టం ఇచ్చిన అర్థాన్ని మన యువకులు తప్పక చదవాలి. అమ్మకం ఒక్కటే బదిలీ కాదు. తాకట్టు, కౌలు, దానం, మార్పిడి కూడా బదిలీలే. అంటే బావి ఉన్న చేనును ఒక గిరిజనేతరుడు కౌలుకు తీసుకొని, అందులో బోరు వేసుకొని, ఏళ్ల తరబడి పత్తి పండించుకుంటే అది కూడా ఈ చట్టం కిందికి వచ్చే బదిలీయే. నీళ్లు భూమిని అంటిపెట్టుకొని ఉంటాయి కాబట్టి భూమిని కాపాడే చట్టమే నీటిని కూడా కాపాడుతుంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఈ రక్షణను ఇంకా బలపరిచింది. ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమిని గనుల కోసం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదని తీర్పు చెప్పింది.

తాత పేరే ఇంకా ఉంటే

బయటివాళ్ల వల్ల జరిగే నష్టం మనకు కనిపిస్తుంది. ఇంటి లోపల మౌనంగా జరిగే నష్టం మరొకటి ఉంది. ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. తాతకు పాత రోజుల్లో పన్నెండు ఎకరాల పట్టా వచ్చింది. వాగు ఒడ్డున రెండు ఎకరాలు, మిగతాది గుట్ట వైపు. తాతకు ముగ్గురు కొడుకులు, ఇద్దరు బిడ్డలు. తాత పోయాక కొడుకులు నోటి మాటతో పంచుకున్నారు. వాగు ఒడ్డు చేను ముగ్గురిదీ అనుకున్నారు, వంతుల వారీగా మోటారు పెట్టుకున్నారు. కాగితం మీద మాత్రం తాత పేరే ఉంది. ఇప్పుడు మనుమలు ఎనిమిది మంది. అందులో ఒకరు వాగు ఒడ్డు చేను తనదేనని అంటే, తాత ఏమన్నాడో చెప్పేవారు బతికి లేరు.

కాగితం మారకపోతే నీటి విషయంలో జరిగే నష్టాలు ఇవి. బోరుకు కరెంటు కనెక్షన్ అడిగితే పట్టాదారు ఎవరని అడుగుతారు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం బావికి, బోరుకు రిజిస్ట్రేషన్ ఉండాలి, కొత్త బోరుకు అనుమతి కావాలి. అక్కడా పేరు కావాలి. 1997లో వచ్చిన రైతుల యాజమాన్య చట్టం ప్రకారం చెరువు కింద, కాలువ కింద నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. ఆ సంఘంలో సభ్యత్వం, ఓటు భూమి రికార్డును బట్టే వచ్చాయి. చనిపోయిన తాత ఓటు వేయలేడు, మనుమడి పేరు జాబితాలో లేదు. పైన చెరువు పూడిక తీసినా, కింద కాలువ జరిపినా ఆ ఇంటి మాట అడిగేవారు ఉండరు. ప్రాజెక్టు కింద చేను మునిగితే నష్టపరిహారం కూడా రికార్డులో ఉన్న పేరుకే వస్తుంది.

పేరు మార్పించుకునే పనిని మన దగ్గర ఫౌతి అని, విరాసత్ అని అంటారు. పట్వారీల కాలం నుంచి ఇది ఖర్చుతో, తిరుగుడుతో కూడిన పని. కచేరీ దూరం, భాష వేరు. అందుకే మన పెద్దలు వాయిదా వేశారు. 2020లో ధరణి వచ్చినప్పుడు పహాణీలోని అనుభవదారు గడి పోయింది. నోటి మాటతో పంచుకొని, కాగితం లేకుండా దున్నుకుంటున్న వాళ్ల పేరు కనిపించే ఒక్క చోటు కూడా దానితో మూతపడింది. ధరణి స్థానంలో 2025లో భూభారతి చట్టం వచ్చింది. ఇప్పుడు కూడా విరాసత్ దరఖాస్తు తహసీల్దారు దగ్గరికే పోతుంది. విచారణ జరిపి, వారసులకు నోటీసు ఇచ్చి, పేరు మార్చాలి. తీర్పు నచ్చకపోతే పైఅధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

బిడ్డల వాటా

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. వారసులు అంటే ఎవరు? హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని ఆ చట్టమే చెబుతుంది. మన ఆచారమే మనకు చట్టం. ఆచారం పేరుతో చాలా ఇళ్లలో ఆడపిల్లలకు భూమి ఇవ్వరు, భూమి లేకపోతే నీళ్లూ ఉండవు. భర్త చనిపోయి పుట్టింటికి తిరిగి వచ్చిన బిడ్డ సొంత తండ్రి బావిలో నీళ్లు తోడుకోవడానికి కూడా అన్నదమ్ముల అనుమతి అడగవలసి వస్తుంది.

2025 జూలై 17న సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో తీర్పు ఇచ్చింది. ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం ఉన్నట్టు రుజువు కానప్పుడు వాటా లేదని చెప్పడం సమానత్వానికి విరుద్ధమని, ఆమె వారసులకు సమాన వాటా ఉందని చెప్పింది. ఇది మన రాయ్ సెంటర్లలో చర్చించవలసిన తీర్పు. ఆచారాన్ని కోర్టు మార్చడం కంటే మనమే కూర్చొని మార్చుకోవడం గౌరవంగా ఉంటుంది.

గూడెం హక్కు మళ్లీ కాగితం ఎక్కింది

1940లలో గుర్తించకుండా వదిలేసిన చెలిమె, మడుగు, వాగు దాదాపు అరవై ఏళ్ల తరువాత చట్టంలోకి వచ్చాయి. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని చెప్పింది. మన రాష్ట్రంలో దానికి 1998లో చట్టం, 2011లో నియమాలు వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకా ముందుకు పోయింది. నీటి వనరుల్లోని చేపల మీద, ఇతర ఉత్పత్తుల మీద గ్రామానికి సామూహిక హక్కు ఉందని దాని 3వ సెక్షన్ చెబుతుంది. నీటి వనరులను, వాటికి నీరు చేరే పరీవాహక ప్రాంతాన్ని కాపాడే అధికారం 5వ సెక్షన్ గ్రామసభకు ఇచ్చింది. చిన్న కుంటలు, చిన్న కాలువల కోసం హెక్టారు లోపు అటవీ భూమిని గ్రామసభ సిఫారసుతో వాడుకోవచ్చు.

ఈ చట్టం బదిలీ గురించి చెప్పిన మాట మనకు చాలా ముఖ్యం. ఈ హక్కు వారసత్వంగా వస్తుంది, అమ్మడానికి, బదిలీ చేయడానికి వీలు లేదు. పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉండాలి. 1940ల పట్టాలోని ఒక లోపాన్ని ఇది సరిదిద్దింది. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి రాష్ట్రంలో సుమారు లక్షా 51 వేల మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చారు. 2025 మే నెలలో ఆ భూములకు సౌర పంపులతో నీళ్లు ఇచ్చే ఇందిర సౌర గిరి జల వికాసం పథకం మొదలైంది. నీళ్లు పట్టా వెంట వస్తున్నాయి. పట్టా మీద ఉన్న మనిషి చనిపోయి ఉంటే ఆ ఇంటికి పంపు ఎలా వస్తుంది? అందుకే పోడు పట్టాలకు కూడా వారసుల పేర్లు ఎక్కించుకోవాలి. దానికి గ్రామసభ తీర్మానంతో తహసీల్దారును, ఉట్నూరు ఐటీడీఏను అడగాలి.

సొంత పట్టాలు వచ్చినంతగా మన ఊళ్లలో సామూహిక హక్కు పత్రాల మాట వినిపించదు. ఎవరి ఎకరాలు వారు అడిగారు, వాగును ఎవరూ అడగలేదు. కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యం అయింది. కడెం మండలంలోని మైసంపేట, రాంపూర్ కుటుంబాలను 2024లో మద్దిపడగ వైపు తరలించారు. ఊరు కదిలినప్పుడు ఇల్లుకు లెక్క కడతారు, చేనుకు లెక్క కడతారు. చెలిమెకు, మడుగుకు ఎవరు లెక్క కడతారు? గ్రామసభ పేరు మీద సామూహిక హక్కు పత్రం ఉంటేనే ఆ ప్రశ్న అడగడానికి చోటు ఉంటుంది.

వేరే దేశపు ఆదివాసులు

అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో నీటి హక్కుకు ప్రత్యేక రికార్డు ఉంటుంది. ఎవరు ముందు వాడుకున్నారో వారికి ముందు హక్కు. భూమి చేతులు మారితే కొత్త యజమాని నీటి రికార్డులో కూడా పేరు మార్పించుకోవాలి. ఆ దేశంలోని మోంటానా రాష్ట్రంలో ఫోర్ట్ బెల్‌నాప్ ఆదివాసులకు ప్రభుత్వం భూమి కేటాయించింది కానీ నీటి గురించి ఒక్క మాట రాయలేదు. పైనున్న రైతులు మిల్క్ నది నీటిని మళ్లించుకున్నారు. 1908లో వింటర్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, ఆదివాసులకు బతకడానికి భూమి ఇచ్చినప్పుడే దానికి కావలసిన నీరు కూడా ఇచ్చినట్టేనని తీర్పు చెప్పింది. కాగితం మీద రాయకపోయినా ఆ నీరు వారిదే. మన పట్టాలకు కూడా ఈ న్యాయం వర్తించాలని అడగడానికి మనకు నోరు ఉంది, చట్టాలు ఉన్నాయి.

బడిలో మొదలుపెడదాం

తోటి ఉపాధ్యాయులకు మేము ఒక మాట చెప్పదలచుకున్నాం. ఎనిమిదో తరగతి పిల్లలకు చరిత్ర పాఠంలో శిస్తు పద్ధతులు చెబుతాం. అదే రోజు ఇంటికి పోయి నాలుగు ప్రశ్నలు అడిగి రమ్మనండి. మన చేను ఎవరి పేరు మీద ఉంది? ఆ మనిషి బతికి ఉన్నారా? మన చేనుకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఆ వాగు, కుంట పేరు ఏమిటి, ఆ పేరు ఎందుకు వచ్చింది? నెల రోజుల్లో ఊరి నీటి పటం తయారవుతుంది. వాగుల పేర్లు గోండిలోనే రాయించండి. గ్రామసభ సామూహిక హక్కు అడిగినప్పుడు ఆ పటం, పెద్దల వాంగ్మూలం సాక్ష్యాలుగా పనికొస్తాయి.

యువకులకు ఒక మాట. సెల్‌ఫోన్‌లో భూమి రికార్డు చూడడం మీకు నిమిషం పని. ఇంట్లో తాత, అవ్వ బతికి ఉండగానే వాళ్ల ఎదుట కూర్చొని చేను హద్దులు, నీటి వంతులు, ఎవరి వాటా ఎంతో రాసి పెట్టండి. అక్కాచెల్లెళ్ల పేర్లు వదలకండి. చనిపోయిన వారి మరణ ధ్రువపత్రం తీసుకొని విరాసత్ దరఖాస్తు పెట్టండి, రశీదు దాచుకోండి.

మన పెద్దలు జల్ అనే మాటను ముందు పెట్టి పోరాడారు. ఆ పోరాటంతో వచ్చిన కాగితం మీద ఇంకా వాళ్ల పేర్లే ఉన్నాయి. అది వాళ్లకు గౌరవం అనుకొని ఊరుకుంటే నీళ్లు వేరేవాళ్ల పొలాలకు పారుతాయి. వాళ్ల పేరు పాటలో నిలబెడదాం, పహాణీలో మన పేర్లు, మన ఆడబిడ్డల పేర్లు రాయించుకుందాం.